మాటల పోలిక: కెర్నెల్‌లో ఒక చిన్న తప్పు, పెద్ద తలుపు

(తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి)

రెండు మాటలు ఒకటేనా, కాదా అని చెప్పడం పలక మీద దిద్దే పిల్లవాడికైనా వచ్చిన పనే. కాని అదే పని కంప్యూటరుకు అప్పగించేటప్పుడు మూడు సంగతులు విడివిడిగా చెప్పవలసి ఉంటుంది. పోలిక ఎక్కడ మొదలుపెట్టాలి? ఎక్కడ ఆపాలి? ఎన్ని అక్షరాలు చూడాలో ఎవరు నిర్ణయించాలి? మనిషికి ఈ మూడూ ఎవరూ చెప్పనక్కరలేదు. యంత్రానికి ఒక్కటి చెప్పకపోయినా అది తప్పు జవాబు ఇస్తుంది. పైగా తప్పని దానికి తెలియదు కాబట్టి ధీమాగా ఇస్తుంది.

ఈ తప్పు ఏదో లెక్కల ప్రోగ్రాములో జరిగితే ఒక కాగితం పాడవుతుంది, అంతే. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నెల్‌లో, అందులోనూ నెట్‌వర్కు వ్యవహారం చూసే భాగంలో జరిగితే? పరాయివాడికి మన యంత్రం తలుపు తెరుచుకోవచ్చు. అలా నిజంగా జరిగిన సంగతులు తీసుకుని, ఆ తప్పు ఎలా పుడుతుందో, ఎలా దిద్దారో ఈ వ్యాసంలో ముచ్చటిద్దాం. ఉదాహరణలు చాలావరకు లినక్స్ కెర్నెల్ నుంచి తీసుకున్నాను. కారణం, దాని మూలప్రోగ్రాము దాపరికం లేకుండా అందరికీ అందుబాటులో ఉంది. 1991లో దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ అప్పటికి హెల్సింకి విశ్వవిద్యాలయంలో విద్యార్థి, వయస్సు 21. అంటే మనలాంటివాడే!

కెర్నెల్ చేసే పని

మనం వాడే ప్రోగ్రాములేవీ తిన్నగా యంత్రాన్ని ముట్టుకోవు. డిస్కు కావాలన్నా, తెర కావాలన్నా, నెట్‌వర్కు కార్డు కావాలన్నా కెర్నెల్‌ను అడగవలసిందే. బయటినుంచి వచ్చే ప్రతి ప్యాకెట్టునూ ముందుగా చూసేది కెర్నెలే. ఇది ఎవరిది, ఎటు పోవాలి, లోపలికి రానివ్వాలా వద్దా అని తేల్చేదీ అదే. ఈ తేల్చే పనినే ఫైర్‌వాల్ అంటున్నాం.

కాలువ కింద సేద్యం చేసేవారికి ఇది తేలికగా బోధపడుతుంది. కాలువకు తూము ఉంటుంది, తూముకు తలుపు ఉంటుంది, తలుపు దగ్గర లస్కరు ఉంటాడు. పై నుంచి చీటీ వస్తే తలుపు ఎత్తుతాడు, లేకపోతే దించి ఉంచుతాడు. ఆ చీటీ సరిగ్గా చదవగలిగినంత కాలం చేలు క్షేమం. కెర్నెల్‌లో మాటల పోలిక అంటే ఈ చీటీ చదవడమే.

మాట అంటే సంఖ్యల వరుస

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, సంఖ్యలే తెలుసు. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ‘ఇ’కి 101, ‘టి’కి 116, ‘హెచ్’కి 104. అంకె ఒకటిని అక్షరంగా రాస్తే 49, సున్నాను అక్షరంగా రాస్తే 48. ఇలాంటి సంఖ్య ఒక్కొక్కటి ఒక బైటులో ఇముడుతుంది. ఇలా వరుసగా పేర్చిన బైట్లనే స్ట్రింగ్ అంటారు.

మరి ఆ వరుస ఎక్కడ అయిపోయిందో ఎలా తెలియాలి? కెర్నెల్‌ను రాసిన సి భాషలో దీనికి ఒక ఏర్పాటు ఉంది. మాట చివర 0 విలువ గల ఒక బైటు పెడతారు. ఇది అక్షరంగా రాసే సున్నా కాదు. దాని విలువ 48 అని పైన చూశాం. ఇది నిజంగా ఏమీ లేని సున్నా. పొలం గట్టు చివర పాతిన సరిహద్దు రాయి అనుకోండి. రాయి కనబడితే పొలం అయిపోయినట్టు.

పోల్చడానికి సి భాషలో ముఖ్యంగా మూడు పనిముట్లున్నాయి. మొదటిది ‘స్టర్‌కంప్’. ఇది రెండు మాటలనూ బైటు వెంట బైటుగా చూస్తూ తేడా వచ్చినా, సరిహద్దు రాయి వచ్చినా ఆగుతుంది. రెండవది ‘స్టర్‌ఎన్‌కంప్’. ఇదీ అంతే, కాని మనం చెప్పిన సంఖ్యకు మించి చూడదు. మూడవది ‘మెమ్‌కంప్’. దీనికి సరిహద్దు రాళ్ళతో పని లేదు, చెప్పినన్ని బైట్లూ పోల్చుకుంటూ పోతుంది.

ఈ మూడింటికీ ఒక వింత అలవాటు ఉంది. రెండూ సమానమైతే అవి చెప్పే జవాబు 0. తేడా ఉంటే వేరే ఏదో సంఖ్య. సి భాషలో 0 అంటే ‘కాదు’ అని అర్థం కదా! అందుచేత ‘స్టర్‌కంప్ అయితే’ అని షరతు రాస్తే, చదవడానికి ‘సమానమైతే’ అన్నట్టుంటుంది కాని, యంత్రానికి ‘వేరైతే’ అని అర్థం. కొత్తగా నేర్చుకునేవారు ఇక్కడే తలకిందులవుతారు. అందుకే జవాబును ‘సున్నాకు సమానమా’ అని స్పష్టంగా అడిగి రాయడం మంచి అలవాటు.

ముగింపు మరచిన పోలిక

లినక్స్‌లో ప్రతి నెట్‌వర్కు కార్డుకూ ఒక పేరుంటుంది. ఈథ్0, ఈథ్1, ఈథ్2 అనేవి పాతకాలం నుంచీ వస్తున్న పేర్లు. ఇంగ్లీషులో రాస్తే మూడు అక్షరాలు, ఒక అంకె. ఈ పేరుకు కెర్నెల్‌లో ఇచ్చిన చోటు 16 బైట్లు. అందులో 15 అక్షరాలకు, ఒకటి సరిహద్దు రాయికి.

ఇప్పుడొక సర్వరులో ఈథ్1 ఆఫీసు లోపలి వైపు ఉందనుకుందాం. దాని మీద వచ్చే ప్యాకెట్లన్నీ రానివ్వమని నియమం పెట్టాం. అదే యంత్రంలో ఈథ్10 బయటి లోకం వైపు ఉంది. నియమం రాసిన ప్రోగ్రామరు ‘ఈథ్1లో నాలుగు అక్షరాలే కదా’ అని నాలుగు బైట్లే పోల్చమన్నాడనుకోండి. ఈథ్10 మొదటి నాలుగు బైట్లూ అచ్చంగా అవే! యంత్రం ‘సమానం’ అంటుంది. ఈథ్11, ఈథ్12, ఈథ్19 వరకూ అన్నీ సమానమే. లోపలివాళ్ళ కోసం పెట్టిన నియమం బయటివాళ్ళకు కూడా వర్తిస్తుంది.

మా ఇళ్ళల్లో ఈ సంగతి వేరే రూపంలో అందరికీ తెలుసు. సర్వే నంబరు 12 వేరు, 12/1 వేరు, 120 వేరు. ‘12తో మొదలయ్యేవన్నీ నావే’ అంటే ఏ రైతు ఊరుకుంటాడు?

దిద్దుబాటు చిత్రంగా చిన్నది. నాలుగు బైట్లకు బదులు అయిదు పోల్చాలి. అయిదవది సరిహద్దు రాయి. నియమంలోని పేరుకు అయిదవ బైటు 0. వచ్చిన పేరు ఈథ్10లో అయిదవ బైటు 48. తేడా బయటపడింది!

లినక్స్ ఫైర్‌వాల్ నియమాలు రాసే ఐపిటేబుల్స్ సరిగ్గా ఈ పద్ధతినే పాటిస్తుంది. ఇందులో ప్రతి పేరుకూ జతగా 16 బైట్ల ముసుగు ఒకటి ఉంటుంది. ఏ బైటు పట్టించుకోవాలో అక్కడ 255, ఏది వదిలెయ్యాలో అక్కడ 0 పెడతారు. ‘ఈథ్1’ అని రాస్తే ముసుగులో మొదటి అయిదు బైట్లూ 255 అవుతాయి, అంటే సరిహద్దు రాయిని కూడా కలుపుకుని. ‘ఈథ్+’ అని రాస్తే మొదటి మూడే 255. అంటే ఆ మూడక్షరాలతో మొదలయ్యే కార్డులన్నీ అని మనం కావాలనే అడిగినట్టు. తెలిసి వదలడం వేరు, తెలియక వదలడం వేరు. ఆ రెండింటి మధ్య తేడా ఆ ఒక్క ప్లస్ గుర్తు.

ఇందులో వేగం సంగతి కూడా ఉంది. ప్రతి ప్యాకెట్టుకూ, ప్రతి నియమానికీ ఈ పోలిక జరగాలి. ఒక్కొక్క బైటే చూస్తూ కూర్చుంటే ఆలస్యం. అందుచేత 64 బిట్ల యంత్రంలో కెర్నెల్ ఈ 16 బైట్లనూ ఎనిమిదేసి చొప్పున రెండు ముక్కలుగా తీసుకుంటుంది. పేరులోని ముక్కకూ నియమంలోని ముక్కకూ ఎక్స్‌క్లూజివ్ ఆర్ చేస్తుంది. తేడా ఉన్న బిట్లు మాత్రం 1గా మిగులుతాయి. దాని మీద ముసుగు వేస్తుంది. చివరికి 0 మిగిలితే సమానం. మనం డిజిటల్ ఎలక్ట్రానిక్స్‌లో నేర్చుకున్న గేట్లే ఇవి, మరేమీ కాదు.

మొదలు మరచిన పోలిక

ఇప్పుడు అసలు కథకు వద్దాం. ఇది 2022లో బయటపడింది. దీనికి ఇచ్చిన గుర్తింపు సి.వి.ఇ. 2022-2663.

ఐ.ఆర్.సి. అనేది నలుగురూ ఒకేసారి కబుర్లు రాసుకునే పద్ధతి. 1988లో ఫిన్లండులో పుట్టింది. మాటలు సర్వరు ద్వారా పోతాయి. కాని ఒకరు మరొకరికి ఫైలు పంపదలచుకుంటే సర్వరుతో పని లేకుండా తిన్నగా పంపే ఏర్పాటొకటి ఉంది. దాని పేరు డి.సి.సి. పంపేవాడు ‘నా చిరునామా ఇది, నా పోర్టు సంఖ్య ఇది, వచ్చి తీసుకో’ అని ఒక కబురు పంపుతాడు. అవతలివాడు ఆ పోర్టుకు వచ్చి కలుస్తాడు.

పంపేవాడు ఫైర్‌వాల్ వెనకాల ఉంటే? బయటినుంచి వచ్చేవాడిని ఫైర్‌వాల్ ఆపేస్తుంది. అందుకోసం లినక్స్ కెర్నెల్‌లో ఒక సహాయక భాగం రాశారు. అది లోపలినుంచి బయటికి పోయే ఐ.ఆర్.సి. కబుర్లను చదువుతుంది. అందులో డి.సి.సి. ఆజ్ఞ కనబడితే, ఆ పోర్టుకు రాబోయే మనిషిని రానివ్వమని ఫైర్‌వాల్‌తో చెబుతుంది. చీటీ చూసి తలుపెత్తే లస్కరే ఇది.

తప్పు ఎక్కడుందంటే, ఆ సహాయకుడు డి.సి.సి. ఆజ్ఞను కబురులో ఏ మూల ఉన్నా ఒప్పుకునేవాడు. ఆజ్ఞకు ముందు 1 విలువ గల, తెర మీద కనబడని ఒక బైటు ఉంటుంది. ఆ బైటుతో సహా అయిదు బైట్లు మెమ్‌కంప్‌తో పోల్చడం, కుదరకపోతే ఒక బైటు ముందుకు జరిగి మళ్ళీ పోల్చడం, ఇలా ప్యాకెట్టు చివరిదాకా వెతకడం. పోలిక తనవరకు తాను సరైనదే. ఆ అయిదు బైట్లూ నిజంగానే సమానం. కాని అవి ఎక్కడున్నాయో చూడలేదు.

దీన్ని పరాయివాడు ఎలా వాడుకుంటాడు? ఐ.ఆర్.సి.లో ‘పింగ్’ అని ఒక పలకరింపు ఉంది. సర్వరు పింగ్ అంటూ ఏదో మాట పంపితే, మన యంత్రం అదే మాట జతచేసి ‘పాంగ్’ అని తిరిగి పంపాలి. ఉన్నారా అంటే ఉన్నాం అన్నట్టు. దుర్బుద్ధి గలవాడు ఆ పింగ్‌లో డి.సి.సి. ఆజ్ఞ ఇరికించి పంపుతాడు. మన యంత్రం అమాయకంగా దాన్నే తిరిగి బయటికి పంపుతుంది. లోపలినుంచి పోతున్న కబురు కాబట్టి సహాయకుడు నమ్ముతాడు. ఆ అయిదు బైట్లు కనబడతాయి, తలుపు తెరుస్తాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇంటివాడు దొంగ కూడా కాదు, ఎవరో చెప్పిన మాట తిరిగి చెప్పాడు, అంతే!

‘తూము ఎత్తమని ఎవరో అంటున్నారట’ అని ఎవరో రాసిన ఉత్తరం చూసి, అందులో ‘తూము ఎత్తు’ అన్న మాటలున్నాయి కదా అని తలుపెత్తేసిన లస్కరును ఏమంటాం? మాటలు ఉండడం వేరు, ఆజ్ఞ ఉండడం వేరు.

దిద్దినవారు ఏం చేశారో చూడండి. పోల్చే పనిముట్టును మార్చలేదు. పోల్చే చోటును బిగించారు. మొదట, కబురు ఆరంభంలోనే ‘ప్రైవేటు మెసేజ్’ అనే ఆజ్ఞ పొట్టిరూపం ఉండాలి. లేకపోతే అక్కడితో సరి. పాంగ్ కబురు ఇక్కడే ఆగిపోతుంది. తరువాత, అసలు మాట మొదలయిందని చెప్పే ఖాళీ, కోలన్ గుర్తుల జతను వెతకాలి. ఆ జత వెంటనే, ఆ ఒక్కచోటనే, డి.సి.సి. ఆజ్ఞ ఉండాలి. అక్కడ లేకపోతే ఇంకెక్కడా వెతకనక్కరలేదు. వీటికి తోడు, పంపినవాడి చిరునామా సరిచూసే షరతులో కూడా తప్పు యంత్రం చిరునామాతో పోల్చడం జరుగుతున్నదని తేలితే, ఆ ఏడాదే దాన్నీ సరిచేశారు.

ఇందులో మనం గమనించవలసిన మరో జాగ్రత్త ఉంది. నెట్‌వర్కు నుంచి వచ్చే ప్యాకెట్టు చివర సరిహద్దు రాయి ఉంటుందన్న హామీ లేదు. అక్కడ గుడ్డిగా స్టర్‌కంప్ వాడితే అది ప్యాకెట్టు దాటి, పక్కనున్న వేరేవాళ్ళ జ్ఞాపకస్థలంలోకి నడిచిపోవచ్చు. అందుకే ఈ ప్రోగ్రాములో ప్రతి అడుగుకూ ముందు, ఇంకా కావలసినన్ని బైట్లు మిగిలి ఉన్నాయా అని చూసుకుంటారు.

కొలత ఎదుటివాడి చేతిలో పెడితే

ఇది కెర్నెల్‌లో జరిగినది కాదు కాని పాఠం ఒకటే కాబట్టి చెబుతున్నాను. కొన్ని ఇంటెల్ యంత్రాల్లో కంప్యూటరును దూరంనుంచి నడపడానికి ఎ.ఎం.టి. అనే ఏర్పాటు ఉంది. 2017లో అందులో ఒక తప్పు దొరికింది. లోపలికి రాదలచినవాడు రహస్యపదం నుంచి లెక్కకట్టిన 32 అక్షరాల జవాబు పంపాలి. యంత్రం తానూ అదే లెక్క కట్టి, రెండూ స్టర్‌ఎన్‌కంప్‌తో పోలుస్తుంది. ఎన్ని అక్షరాలు పోల్చాలి? తన జవాబులో ఎన్ని ఉన్నాయో అన్ని పోల్చాలి కదా. కాని వచ్చినవాడి జవాబులో ఎన్ని ఉంటే అన్ని పోల్చారు. వాడు ఖాళీ జవాబు పంపాడనుకోండి. పోల్చవలసినవి సున్నా అక్షరాలు. సున్నా అక్షరాల్లో తేడా ఏముంటుంది? సమానం, లోపలికి రండి!

ధాన్యం అమ్మేటప్పుడు కాటాలో వేసే రాళ్ళు కొనేవాడే తెచ్చుకుంటానంటే మనం ఒప్పుకోం. ప్రోగ్రాములోనూ అంతే. కొలత మన చేతిలో ఉండాలి.

127 దాటిన అక్షరాలు

పోలికకు ఇంకొక ఉపయోగం క్రమంలో పెట్టడం. ఏది ముందు, ఏది వెనక అని స్టర్‌కంప్ చెప్పే జవాబు రుణమా, ధనమా అన్న దానిని బట్టి తెలుస్తుంది. మోటరోలా 68000 తరగతి యంత్రాల కోసం లినక్స్‌లో ప్రత్యేకంగా అసెంబ్లీ భాషలో రాసిన స్టర్‌కంప్ ఒకటి ఉండేది. అది రెండు బైట్ల తేడాను 8 బిట్లలోనే తీసేది. 8 బిట్లలో గుర్తుతో సహా ఇమిడేది –128 నుంచి 127 వరకే.

తెలుగు అక్షరాలు నేడు ఎక్కువగా వాడే యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్లు పడుతుంది. మొదటి బైటు 224. ఇంగ్లీషు పెద్ద ‘ఎ’ 65. తీసివేస్తే 159. కాని 8 బిట్లలో అది –97గా కనబడుతుంది. పెద్దది చిన్నదైపోయింది! ఇంగ్లీషు అక్షరాలన్నీ 127 లోపే కాబట్టి వాటితో ఎంత పరీక్షించినా ఈ తప్పు బయటపడదు. 2022 డిసెంబరులో టోర్వాల్డ్స్ ఆ అసెంబ్లీ ముక్కను తీసివేసి, అందరూ వాడే సి భాష రూపాన్నే దానికీ వర్తింపజేశాడు. కొన్నిసార్లు దిద్దడమంటే కొత్తగా రాయడం కాదు, పాతది కొట్టివేయడం.

దిద్దే పద్ధతి

ఇలాంటి తప్పు పట్టడానికి పెద్ద మేధస్సు అక్కరలేదు, పరీక్షకు పెట్టే మాటలు ఎంచుకోవడంలో కొంచెం కొంటెతనం కావాలి. రెండు మాటలను పోల్చే ప్రోగ్రాము మీ చేతికి వస్తే ఈ ఆరింటినీ ఇచ్చి చూడండి:

1. రెండూ అచ్చంగా ఒకటే అయిన జత.
2. ఒకటి రెండవదాని మొదటి భాగం మాత్రమే అయిన జత. ఈథ్1, ఈథ్10 వంటివి.
3. ఒకటి పూర్తిగా ఖాళీ.
4. ఇచ్చిన చోటంతా నిండిపోయే మాట. కార్డు పేరుకైతే 15 అక్షరాలు, ఆపైన 16 కూడా.
5. వెతికే మాట మొదట కాక మధ్యలో ఉన్న కబురు.
6. 127 దాటిన బైట్లున్న మాట. మన తెలుగు పేరే చాలు.

తప్పు దొరికితే ముందుగా దాన్ని మళ్ళీ మళ్ళీ రప్పించగలిగే అతి చిన్న ఉదాహరణ తయారుచేసుకోవాలి. తరువాతే దిద్దాలి. దిద్దాక ఆ ఉదాహరణతో పాటు పాతవన్నీ కూడా మళ్ళీ పరీక్షించాలి.

ఎందుకంటే పోలికను మరీ బిగించినా ప్రమాదమే. మా ఊళ్ళో ఒక పెద్దాయన పేరు ఒక కాగితంలో ‘వెంకట రామయ్య’ అని రెండు మాటలుగానూ, మరొక కాగితంలో ‘వెంకటరామయ్య’ అని ఒకే మాటగానూ పడింది. మనిషి ఒక్కడే, పొలం ఒక్కటే. కాని కంప్యూటరుకు ఆ మధ్యనున్న ఖాళీ కూడా 32 విలువ గల ఒక బైటే. రెండూ వేరన్నది. ఆయనకు రావలసిన పంట నష్టం సొమ్ము ఒక సీజనంతా ఆగిపోయింది. అక్కడ కూర్చున్నవారు ‘కంప్యూటర్ ఒప్పుకోవడం లేదండీ’ అన్నారు. కంప్యూటరుకు ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం ఏముంది? ఏది పోల్చాలో, ఏది వదిలెయ్యాలో మనిషి చెప్పినదే కదా అది చేసేది!

ముగింపు

పోలిక వదులైతే పరాయివాడు లోపలికి వస్తాడు. బిగుసుకుపోతే సొంతదారు బయట నిలబడతాడు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలో ఏ పనిముట్టూ చెప్పదు. స్టర్‌కంప్‌కు తెలిసింది బైట్లే. చీటీ ఎవరిదో, పొలం ఎవరిదో దానికి తెలియదు. అది తెలిసినవాడు ప్రోగ్రామరు మాత్రమే.

మన సిలబస్‌లో స్ట్రింగ్ కంపేర్ ఒక అయిదు మార్కుల ప్రశ్న. రాసి మరచిపోయేవాళ్ళమే ఎక్కువ. ఈసారి చదివేటప్పుడు ఆ జవాబు పక్కన మూడు చిన్న ప్రశ్నలు కూడా రాసుకోండి: ఎక్కడ మొదలు, ఎక్కడ ముగింపు, కొలత ఎవరిది? లాబ్‌లో ఖాళీ దొరికినప్పుడు లినక్స్ మూలప్రోగ్రాములో నెట్‌ఫిల్టర్ భాగం తెరిచి, పైన చెప్పిన ఐ.ఆర్.సి. సహాయకుడిని మీరే చదవండి. చిన్న ప్రోగ్రామే అది. మనకు అర్థం కానిదేమీ అందులో లేదు.